దిగువపేట తలుపు గురించి లభించిన సాహిత్యం

రోజు 1

ఏ రోజు ఏ మాటలు పెట్టి వెతికానో, ఎన్ని వ్యాసాలు దొరికాయో, వాటిలో ఎన్నింటిని ఎందుకు తీసేశానో ఈ దినచర్యలో రాయాలి. మిగతాది రాయకూడదని నియమావళిలో ఎక్కడా లేదు కాబట్టి మిగతాది కూడా రాస్తున్నాను. నా పేరు బమ్మిడి కుసుమ. ఎగువరేవు సమీక్షా కార్యాలయంలో రెండో తరగతి అన్వేషకురాలిని. ఊళ్లోవాళ్లు మమ్మల్ని వెతుకుడోళ్లు అంటారు.

ఉదయం పదింటికి సూరాడ పోలమ్మ ఐదు అంతస్తులు ఎక్కి వచ్చింది. సమీక్ష ముగియందే ఏ ప్రోగ్రాంనూ దిద్దకూడదు. మా లిఫ్టు ప్రోగ్రాం మీద సమీక్ష ఆరేళ్లుగా నడుస్తోంది. పోలమ్మ దిగువపేట సముద్రపు గోడకున్న తలుపు దగ్గర పద్నాలుగేళ్లుగా కాపలా. పోటు వచ్చేటప్పుడు ఆ తలుపు దిగి సముద్రాన్ని ఆపాలి. సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో లేచి పేటలోని వాననీటిని వదలాలి. దించడం, ఎత్తడం ప్రోగ్రాం చూసుకుంటుంది. దాన్ని చూస్తూ కూర్చోవడం పోలమ్మ ఉద్యోగం.

"రేకు దిగిపోనాదని తెర మీద సెప్తందమ్మా. ఎల్లి సూస్తే జానెడు ఎత్తున ఉంటంది. నీల్లు లోపలికొచ్చేస్తన్నాయి," అంది.

"ఎంతసేపు అలా ఉంటుంది?"

"పదకొండు నిముసాలు. తరవాత దాని బరువుకది మెల్లగా దిగుతంది."

దరఖాస్తులో 'రేకు' అన్న మాట చెల్లదు. ప్రామాణిక పదకోశం ప్రకారం 'తలుపు' అని మార్చి రాశాను.

"ఎప్పుడు బాగు సేస్తారు?"

"ఇలాంటి తలుపుల గురించి ఇంతవరకు రాసినవన్నీ చదివాక, పిన్నీ."

"నాను ఇప్పుడే సెప్పీసినాను కదా," అంది పోలమ్మ. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

రోజు 2

అన్వేషణ సూత్రం ఖరారు చేసే సమావేశం. వ్యాసభాండాగారంలో ఏ మాటలున్న వ్యాసాలు పైకి రావాలో, ఏ మాటలున్నవి రాకూడదో చెప్పే పదాల వరుసనే సూత్రం అంటాం. అధ్యక్షత మా అధికారి డాక్టర్ పేరి కామేశం గారిది. ముప్పై ఏళ్లలో ఆయన నాలుగు వందల సమీక్షలు పూర్తి చేశారు. ఒక్కదాన్లోనూ తప్పు దొరకలేదు. తప్పు దొరకాలంటే దాని మీద ఇంకో సమీక్ష చేయాలి.

తలుపుకు పర్యాయపదాలుగా గేటు, ద్వారం, కవాటం చేర్చాం. 'దిగుట' రాయాలా 'దించుట' రాయాలా అన్నదాని మీద భోజనాల వేళ దాకా చర్చ జరిగింది. రెండూ రాయాలని తీర్మానించి లేచాం.

మధ్యాహ్నం వెతికితే ముప్పై ఎనిమిది లక్షల నలభై వేల వ్యాసాలు వచ్చాయి. మొదటి వందలో తొంభై మూడు గుండె కవాటాల గురించి.

"గుండె అన్న మాట ఉన్నవన్నీ తీసేయండి," అన్నారు కామేశం గారు.

"ఫలానా తలుపు నగరానికి గుండెలాంటిది అని ఎవరైనా రాసి ఉంటే అది కూడా పోతుంది సార్."

"అలా రాసేవాళ్ల వ్యాసం మనకు అక్కర్లేదమ్మా."

ఇరవై తొమ్మిది లక్షలు మిగిలాయి.

రోజు 6

వడపోతలన్నీ అయ్యాక 6,112 మిగిలాయి. వీటిని ఇద్దరు చదవాలి. ఒకరు నేను, రెండోవారు జామి లోకనాథం. చదివిన వ్యాసం గురించి మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోకూడదు. అందుకని మా బల్లలు వీపులు ఆనేటట్టు వేశారు. భోజనాల దగ్గర మాత్రం ఒకరి పచ్చడి ఒకరం వేసుకుంటాం. పదకొండేళ్లుగా మా స్నేహం పచ్చళ్ల మీద నడుస్తోంది.

ఈ ఆరువేలలో మనుషులు రాసినవి రెండు వందలుంటాయేమో. మిగతావి వ్యాసయంత్రాలు రాసినవే. ఒక యంత్రం రాసినదాన్ని ఇంకోటి ఉదహరిస్తుంది, దాన్ని మొదటిది మళ్లీ ఉదహరిస్తుంది. నిన్న చదివిన ఒక వ్యాసంలో తలుపు అన్న మాట అరవై సార్లు ఉంది. చివరిదాకా చదివినా అది ఏ ఊరి తలుపో, దేనితో చేసిందో తెలియలేదు.

మా ఇద్దరి తీర్పుల పొంతన లెక్క కడితే 0.41 వచ్చింది. కనీసం 0.8 ఉండాలట. కామేశం గారు మమ్మల్ని రెండు రోజుల శిక్షణకు పంపారు.

రోజు 8

శిక్షణ ముగిసింది. ఇవాళ ఇచ్చిన నాలుగు వందల వ్యాసాల్లో నాలుగు వందలూ తీసేయాలని నేను రాశాను. లోకనాథం కూడా అంతే రాశాడు. పొంతన 1.0. కామేశం గారు మా ఇద్దరికీ టీ తెప్పించారు.

రోజు 9

పోలమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి తన నోటుపుస్తకం తెచ్చింది. పద్నాలుగేళ్లుగా ప్రతి పోటుకూ రేకు ఎప్పుడు దిగిందో, తెర ఏం చెప్పిందో, కంటికి ఏం కనిపించిందో రాసుకుంది. పదకొండు నిమిషాలు ఇప్పుడు పంతొమ్మిదయ్యాయి. మొన్నటి పోటుకు రెండు వీధుల్లోకి నీళ్లొచ్చాయి. వలలు అల్లే గున్నమ్మ ఆ నీళ్లలో జారి తుంటి విరగ్గొట్టుకుంది.

కామేశం గారు ఆ పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని, తెరవకుండానే తిరిగిచ్చారు. "ఇది బూడిదరంగు సాహిత్యం అంటామమ్మా. పరిగణనలోకి రాదు."

పోలమ్మ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఎర్రట్టే కదా బాబూ ఇది," అంది.

"రంగు గురించి కాదు. ఎక్కడా ప్రచురణ కాలేదు అని."

"మరి నీల్లు ప్రచురణ అయినాయా బాబూ, మా ఈదిలోకి వచ్చినాయి?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. నేను ఆమెను మెట్ల దాకా దింపి వచ్చాను. ఈ నెల పున్నమి పోటు రోజు 24 ఉదయాన వస్తుంది. అప్పటికి వాయుగుండం కూడా ఉండొచ్చని వాతావరణం వాళ్లు చెబుతున్నారట. పేటలో తొమ్మిది వందల గడప ఉంది.

రోజు 12

సూత్రం పెట్టి వెతకడం కాకుండా ఇంకో పద్ధతి ఉంది. మేం గొలుసు పద్ధతి అంటాం. ఒక మంచి వ్యాసం పట్టుకుని, అది వేటిని ఉదహరించిందో వాటి దగ్గరికి వెనక్కి వెళ్లడం, దాన్ని ఎవరు ఉదహరించారో వాళ్ల దగ్గరికి ముందుకు వెళ్లడం. శిక్షణలో దీనికి అరగంట కేటాయించారు. చేయాలంటే ముందు కమిటీ అనుమతి కావాలి, దానికి పది రోజులు.

అనుమతి లేకుండా నేను భోజనం వేళల్లో చేస్తున్నాను. మనుషులు రాసిన రెండు వందల్లోంచి ఒకటి తీసుకుని వెనక్కి వెళ్లాను. అక్కడ పాత రేవుల మీద ఒక పరిశోధనా గ్రంథం దొరికింది. దాని నూట నలభయ్యో పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: కె. తవిటయ్య, 'రేకును అడగండి, గడియారాన్ని కాదు', పాలిటెక్నిక్ వార్షిక సంచిక, నాలుగు పేజీలు. ముప్పై ఒక్క ఏళ్ల కిందటిది.

రేకు. తీరం పొడవునా ఈ తలుపులతో పనిచేసేవాళ్లంతా దాన్ని రేకనే అంటారు. పోలమ్మ మొదటి రోజే ఆ మాట చెప్పింది. నేనే కొట్టేసి తలుపు అని రాశాను. మా సూత్రంలో ఇంకో రెండు వందల పర్యాయపదాలు చేర్చినా ఈ వ్యాసం పైకి వచ్చేది కాదు.

రోజు 14

ఆదివారం. తవిటయ్య గారు బతికే ఉన్నారని పోలమ్మే కనుక్కుంది. కొండవాలు కాలనీలో కుట్టుమిషన్లు బాగుచేస్తూ ఉంటారు. ఎనభై రెండేళ్లు. ఇద్దరం కలిసి వెళ్లాం.

సంచిక ఇవ్వండి అని అడిగితే, లోపలికి వెళ్లి బియ్యం డబ్బా కింద ఎత్తు కోసం పెట్టిన కట్టలోంచి తీసుకొచ్చారు.

"ఏటమ్మా, ఇన్నాల్లకి గుర్తొచ్చినానా మీ ఆఫీసుకి?" అన్నారు. "మూడు మాట్లు పంపినాను మీకు. మూడు మాట్లూ నాలుక్కి అర మార్కు ఏసి తిప్పి పంపీసినారు."

ఆ మార్కులు వేసే బల్ల మాదే.

ఆయన ఒక కుట్టుమిషను మూత ఎత్తి పట్టుకుని చెప్పారు. "ఇది రేకు అనుకో. మోటారు తొంబై సెకండ్లు తిరిగితే రేకు దిగిపోనట్టే అని ప్రోగ్రాం నమ్ముతాది. కొత్తలో అది నిజమే. ఇప్పుడు గాడి నిండా బురద, గుల్లలు. తొంబై సెకండ్లకి అడుగు దాకా దిగదు. ప్రోగ్రాం మాత్రం దిగిపోనాదని సెప్పీసి మోటారు ఆపీస్తాది."

"మరి దిగిందో లేదో ఎలా తెలియాలి?"

"అడుగున స్విచ్చి ఉంది కదా. రేకు నేలని తాకితే నొక్కుకుంటాది. తొలి నుంచీ ఉంది. పైకెత్తినప్పుడు ఆపడానికి పైనొకటి, కింద ఇదొకటి. కిందదాన్ని ఎవులూ అడగరు. అడగమని ఒక్క ముక్క రాస్తే సాలు."

పోలమ్మ ఆయన్ని కాసేపు చూసింది. "బాబూ, ఆ స్విచ్చి నాను వారానికోసారి తుడుస్తాను. దేనికో తెలీకండా తుడుస్తన్నాను," అంది.

రోజు 15

సంచికను కామేశం గారి బల్ల మీద పెట్టాను. ఈసారి ఆయన చదివారు, నాలుగు పేజీలూ, నిదానంగా.

"బాగా రాశాడు. కానీ ఆరు పేజీల లోపువి మనం తీసుకోం. ఒక్కటే వ్యాసం. పైగా మన అన్వేషణలో దొరకలేదు. అంటే సాహిత్యంలో లేదు."

"నా చేతిలో ఉంది సార్."

"చేతిలో ఉండటం వేరు, సాహిత్యంలో ఉండటం వేరు."

నాకు కోపం వచ్చింది. పున్నమికి తొమ్మిది రోజులే ఉన్నాయన్నాను, గున్నమ్మ తుంటి గురించి చెప్పాను, ఆ పేట ఏ వైపు ఉందో మీకు తెలుసా అని అడిగాను. ఆయన కిటికీ తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"సమీక్షల్లేని గుడ్డిదిద్దుబాట్ల కాలంలో నువ్వు చిన్నపిల్లవి," అన్నారు. "నా భార్య ఆసుపత్రిలో ఉండేది. ఆ వార్డులో గాలియంత్రానికి ఒకడు దిద్దుబాటు చేశాడు. తెలివైనవాడే. ఒక్క వ్యాసం చదివి చేశాడు. ఆ వ్యాసం కూడా చాలా బాగా రాసిందే. ఆ వార్డులో ఆరుగురు ఉండేవారు కుసుమా."

ఆయన తప్పని అనలేకపోయాను, ఒప్పని కూడా అనలేకపోయాను. చివరికి సంచిక తీసుకుని వచ్చేశాను.

రోజు 17

చేశాను. రాయకపోతే ఈ దినచర్యకు అర్థం లేదు కాబట్టి రాస్తున్నాను.

బస్టాండు పక్కన వ్యాసాల కొట్టు ఉంది. ముందు జెరాక్సు, వెనక వ్యాసయంత్రం. పదోన్నతి కావాల్సిన పంతుళ్లు అక్కడ వరుసలో ఉంటారు. కొట్టు నడిపే ఆవిడ పేరు మాలతి. తల ఎత్తకుండానే అడిగింది.

"ఎన్ని కావాలండి? పద్ధతి ఏదన్నా అనుకున్నారా? ఫలితం మీరే తెచ్చుకున్నారా, మమ్మల్నే పెట్టమంటారా?"

"ఫలితం తెచ్చాను," అని తవిటయ్య గారి నాలుగు పేజీలు ఇచ్చాను. పక్కన మా అన్వేషణ సూత్రం రాసిచ్చాను. రేకు అని ఉన్నచోటల్లా తలుపు, కవాటం, ద్వారం అని మార్చమన్నాను. గుండె అన్న మాట ఎక్కడా రాకూడదన్నాను.

ఆవిడ ఇప్పుడు తలెత్తి నన్ను చూసింది. "మీరు వెతుకుడోళ్లా? మీవాళ్లు రావడం ఇదే మొదటిసారి. అందరూ మీకోసమే రాయించుకుంటారు."

పది పది పేజీల ఇరవై నాలుగు వ్యాసాలు, ఇరవై నాలుగు పేర్లతో, నేను బెంచీ మీద కూర్చుని టీ తాగేలోపు తయారయ్యాయి. దిద్దుబాటు వాక్యం అన్నింట్లోనూ సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాను. మిగతాది చదవలేదు. సాయంత్రానికి భాండాగారంలోకి ఎక్కాయి.

రోజు 19

సమీక్ష ముగించే ముందు తాజాగా మరోసారి వెతకవచ్చని నియమం ఉంది. నేను ఆ కోరిక పెట్టాను, ఒప్పుకున్నారు. సూత్రం ఇరవై నాలుగింటినీ ఒక్కటి కూడా వదలకుండా పట్టుకుంది. మా సూత్రం ఇంత బాగా పనిచేయడం ఇదే మొదటిసారి.

లోకనాథం, నేను వీపులు ఆనించుకుని కూర్చున్నాం. అతను చదివాడు, నేను పేజీలు తిప్పి సంతకాలు పెట్టాను. అతను చదువుతున్న పేజీల చప్పుడు మధ్యాహ్నానికి ఆగిపోయింది. పదకొండేళ్లలో మొదటిసారి అతను నియమం తప్పి మాట్లాడాడు.

"ఈ ఇరవై నాలుగూ ఒక్క తల్లి బిడ్డలే, కుసుమా."

నేను వెనక్కి తిరగలేదు.

"మా మేనత్త దిగువపేటలోనే ఉంటుంది," అన్నాడు. తరవాత ముద్ర వేస్తున్న చప్పుడు వినిపించింది, ఇరవై నాలుగు సార్లు.

పొంతన 1.0. కామేశం గారు నాణ్యత మార్కు నాలుక్కి 3.8 వేశారు. ఇంత బలమైన ఆధారం తన సర్వీసులో చూడలేదన్నారు. ఆయన మొహంలో సంతోషం చూసి నాకు అన్నం సయించలేదు.

రోజు 22

తలుపు ప్రోగ్రాం దిద్దడానికి అనుమతి వచ్చింది.

రోజు 23

ప్రోగ్రాంలో ఒక్క వాక్యం మార్చారు. మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. తవిటయ్య గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూశారు. వర్షం మొదలైంది.

రోజు 24

ఉదయం తొమ్మిదింపావుకి నేను గోడ మీద పోలమ్మ గది దగ్గర ఉన్నాను. గాలికి గొడుగు నిలవలేదు. అలలు గోడ తలకి రెండు అడుగుల కింద దాకా లేస్తున్నాయి. పేటలోవాళ్లు సగం మంది బడి మేడ మీదికి వెళ్లారు. మిగతా సగం మా వెనక నిలబడి ఉన్నారు.

రేకు కదిలింది. తొంభై సెకన్లు అయ్యాయి. ఎప్పుడూ ఆ క్షణానికి 'మూయబడినది' అని వచ్చే తెర మీద ఇవాళ 'ఇంకా మూయలేదు' అని వచ్చింది. మోటారు ఆగలేదు. నెమ్మదిగా మూలుగుతూ తిరుగుతోంది. రెండు నిమిషాలు. మూడు. మోటారు గొంతు మారింది.

"ఏదో అడ్డం పడ్డాది," అంది పోలమ్మ. వెదురుగడ తీసుకుని గోడ వారనున్న మెట్లు దిగింది. వద్దని అరిచాను, వినిపించుకోలేదు. ఇద్దరు మగవాళ్లు ఆమె నడుముకు తాడు కట్టి పట్టుకున్నారు. గాడిలో పడవచెక్క ఒకటి ఇరుక్కుని ఉంది. గడతో దాన్ని పొడిచింది, పొడిచింది, నాలుగోసారికి అది ఊడి కొట్టుకుపోయింది. రేకు ఒక్క ఊపున దిగి నేలకు తగిలిన చప్పుడు మా కాళ్ల కింద తెలిసింది.

'మూయబడినది.'

పోలమ్మ పైకొచ్చి చీర పిండుకుంటూ తెరను చూసింది. "పద్నాలుగేల్లలో మొదటిసారి నిజం సెప్పింది ముండ," అంది. "దిగలేదని సెప్పబట్టి ఎల్లి సూసినాను. దిగిపోనాదని సెప్పుంటే కూకుని ఉందును."

నీళ్లు గోడ తలను తాకి, గంటన్నరకు తగ్గాయి. రేకు దిగాక పేటలోకి వాన తప్ప మరేమీ రాలేదు.

రోజు 31

ఇరవై నాలుగు వ్యాసాలను వారంలో నాలుగు వేల సార్లు ఉదహరించారు. మనుషులు చేసినవి పన్నెండు. తవిటయ్య గారి సంచిక ఎవరి లెక్కలోకీ రాలేదు.

రోజు 38

నాగులకొండ సమీక్షా కార్యాలయం నుంచి మాకు అభినందన పత్రం వచ్చింది. లోపల కొండల్లో వాళ్లకొక జలాశయం ఉంది. మేం ఎంచుకున్న ఇరవై నాలుగు వ్యాసాల ఆధారంగా వాళ్లు కూడా తమ తలుపును దిద్దుతున్నారట. జతపరిచిన ప్రతిపాదన చదివాను. అడుగు స్విచ్చిని అడగాలి అని ఉంది, సరే. దాని కింద రెండో అంశం: పై స్విచ్చిని తొలగించాలి.

ఆ ఇరవై నాలుగు వ్యాసాలూ తీసి మొదటి నుంచి చదివాను. పదిహేడోదాంట్లో ఎనిమిదో పేజీలో ఉంది: 'అడుగు స్విచ్చి ఉన్నచోట పై స్విచ్చి అనవసరమని రెండు వందల పన్నెండు తలుపులపై జరిపిన ప్రయోగంలో తేలింది.' అలాంటి ప్రయోగం లేదు. అలాంటి తలుపులూ లేవు. పేజీలు నింపడానికి యంత్రం రాసిన వాక్యం అది. దాని తరవాతి ఏడు వ్యాసాలు దాన్ని ఉదహరించాయి కూడా.

తవిటయ్య గారికి ఫోన్ చేసి అడిగాను. "పై స్విచ్చి తీసీస్తే మోటారుకి ఆగడం తెలీదమ్మా. తాడు తెగే దాకా లాగుతాది. తెగితే అంత రేకూ కింద పడతాది," అన్నారు. "కింద ఎవులైనా ఉంటారా అక్కడ?"

కాలువ పూడిక తీసేవాళ్లు ఉంటారు. పత్రంలో పనివాళ్ల సంఖ్య కూడా రాశారు. నలభై మంది. మార్పు చేసేది ఎల్లుండి ఉదయం పదింటికి.

ఆ పదిహేడో వ్యాసం మీద చదివినవారు అని రెండు సంతకాలున్నాయి. ఒకటి నాది.

రోజు 39

ఉదయం కామేశం గారికి అంతా చెప్పాను. కొట్టు, మాలతి, నాలుగు పేజీలు, ఇరవై నాలుగు పేర్లు. లోకనాథం పేరు చెప్పలేదు. అతనే లోపలికి వచ్చి తన సంగతి తను చెప్పుకున్నాడు.

ఆయన కోప్పడతారనుకున్నాను. "నేను 3.8 వేశాను," అన్నారు అంతే. కాసేపటికి మళ్లీ అదే అన్నారు.

తరవాత నాగులకొండకు ఫోన్ చేశారు. అవతల అధికారి గొంతు మాకు వినిపిస్తూనే ఉంది, చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు.

"మీరంటే మాకు గౌరవం సార్. కానీ ఇది ఒక్కరి నోటిమాట. ఇరవై నాలుగు వ్యాసాలను ఒక్కరి మాట మీద ఎలా పక్కన పెడతాం? ఉపసంహరణ సమీక్షకు దరఖాస్తు పెట్టండి. ఎనిమిది నెలల్లో తేలిపోతుంది."

"అక్కడ మనుషులు పనిచేస్తున్నారయ్యా."

"ఆ విషయం ఎక్కడైనా ప్రచురితమైందా సార్?"

కామేశం గారు ఫోన్ పెట్టేశారు. ఆ అధికారి ఆయన దగ్గరే శిక్షణ పొంది మొదటి తరగతిలో పాసయ్యాడట.

నేను నెమ్మదిగా అన్నాను, మాలతి దగ్గర ఖండన వ్యాసాలు కూడా రాస్తారని, నలభై ఎనిమిది రాయిస్తే ఇరవై నాలుగు మీద నెగ్గుతాయని. నిజంగానే ఆ మాట నా నోటి నుంచి వచ్చింది. ఆయన నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను.

"నాగులకొండకు బస్సు ఎన్నింటికి?" అని అడిగారు.

రోజు 40

నలుగురం వెళ్లాం. కామేశం గారు, పోలమ్మ, తవిటయ్య గారు, నేను. లోకనాథాన్ని ఆఫీసులో ఉంచాం, నాగులకొండ కార్యాలయానికి మళ్లీ మళ్లీ ఫోన్ చేయడానికి. తొమ్మిదిన్నరకు జలాశయం గట్టు చేరాం. ప్రోగ్రాం మార్చే కుర్రాళ్లిద్దరు తాళాల కోసం కాపలా గది ముందు కాచుకుని ఉన్నారు. కింద కాలువలో మనుషులు వరుసగా తట్టలు అందించుకుంటున్నారు.

కాపలా ఆయన పేరు సవర జమ్మయ్య. అనుమతి పత్రాన్ని గోడకు మేకుతో కొట్టి ఉంచాడు. "పై స్విచ్చి తీసీమని కాగితం వచ్చింది. ఆపమని మీరంటన్నారు. మీకాడ కాగితం ఉందా?" అని అడిగాడు.

"లేదు," అన్నారు కామేశం గారు.

"మరి ఎవులి మాట మీద ఆపమంటారు?"

"నా మాట మీద."

జమ్మయ్య ఆయన ఇస్త్రీ చొక్కాను, తోలు సంచిని చూశాడు. "ఈ రేకుని మీరెప్పుడన్నా సూసినారా బాబూ?"

ముప్పై ఏళ్లలో నాలుగు వందల సమీక్షలు చేసిన మనిషి. "ఏ తలుపునూ చూడలేదయ్యా," అన్నారు. "చూపిస్తావా?"

పోలమ్మ జమ్మయ్యతో రేకుల సంగతి మాట్లాడటం మొదలుపెట్టింది. మీ గాడిలో గుల్లలుంటాయా, మంచినీరు కదా ఉండవేమో, మరి తాడుకి గ్రీజు ఎవరు పెడతారు, ఇలా. అయిదు నిమిషాల్లో వాళ్లిద్దరూ ఏ ఊళ్లో ఎవరి తాడు ఎప్పుడు తెగిందో చెప్పుకుంటున్నారు. తాళాల గుత్తి జమ్మయ్య చేతిలోనే ఉంది. కుర్రాళ్లు గడియారం చూసుకున్నారు. జమ్మయ్య వాళ్లను చూసి, "కూకోండి," అన్నాడు.

కింద కాలువలోవాళ్లను బయటికి పిలిచి, ఇనుపనిచ్చెన మీద కామేశం గారిని ఎక్కించాడు. ఆయన చెప్పులు విప్పి, ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కారు. వెనక నేను. పైన వేలెడంత స్విచ్చి ఉంది. రేకు లేస్తూ వచ్చి దాన్ని నొక్కగానే మోటారు టక్కున ఆగింది.

"మళ్లీ," అన్నారు కామేశం గారు. మళ్లీ చూపించాడు.

"ఇది లేకపోతే?"

జమ్మయ్య జవాబు చెప్పకుండా మోటారు మీద బిగుసుకుని వణుకుతున్న తాడును చూపించాడు. ఆయన దాని మీద చేయి వేసి, అలాగే ఉంచారు. తరవాత సంచిలోంచి సమీక్షా పత్రం తీసి, గాలికి ఎగరకుండా మోకాలి మీద అదిమిపెట్టి రాశారు. వ్యాసాల సంఖ్య దగ్గర సున్నా పెట్టారు. అన్వేషణ పద్ధతి దగ్గర 'వెళ్లి చూశాను' అని రాశారు. కింద పూర్తి పేరుతో సంతకం చేశారు. నాణ్యత మార్కు గడి ఖాళీగా వదిలేశారు.

జమ్మయ్య పాత పత్రాన్ని మేకు నుంచి తీసి, దీన్ని కొట్టాడు. కుర్రాళ్లు తమ ఆఫీసుకు ఫోన్ చేసి, కాపలా మనిషి తాళాలు ఇవ్వడం లేదని చెప్పి వెళ్లిపోయారు.

రోజు 66

నా అన్వేషణ అనుమతిని రెండేళ్లు రద్దు చేశారు. లోకనాథాన్ని లిఫ్టు సమీక్షకు మార్చారు. కామేశం గారు పదవీ విరమణ తీసుకున్నారు. ఇరవై నాలుగు వ్యాసాలు ఇంకా భాండాగారంలోనే ఉన్నాయి, ఉదాహరణలు తొమ్మిది వేలు దాటాయి. ఉపసంహరణ సమీక్షకు కమిటీ వేశారు. 'ఉపసంహరణ' అనాలా 'వెనక్కి తీసుకొనుట' అనాలా అన్న చర్చలో ఉంది.

వాటిని ఆధారంగా చూపిన కార్యాలయాలు మూడు వందల పదహారు. కామేశం గారింట్లో కూర్చుని అన్నింటికీ చేత్తో ఉత్తరాలు రాశాం. పదిహేడోదాన్ని నమ్మకండి, పై స్విచ్చి తీయకండి, ఇది అబద్ధమని నాకు తెలుసు ఎందుకంటే రాయించింది నేనే అని ప్రతిదాంట్లోనూ నా పేరుతో రాశాను. పంతొమ్మిది జవాబులొచ్చాయి. పద్దెనిమిది కార్యాలయాలు మా ఉత్తరానికి ప్రచురణ సంఖ్య అడిగాయి.

పంతొమ్మిదోది ఒక కాపలా ఆమె రాసింది. పాత నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. 'మా రేకు పై స్విచ్చి మొన్న మంగళవారం తీసేశారు. నేను మోటారు కరెంటు పీకేసి కూర్చున్నాను. ఎంతకాలం కూర్చోగలనో తెలీదు. ఎవరైనా వస్తారా?'

పోలమ్మ సెలవు పెట్టింది. ఉదయం ఆరింటి బస్సుకు వెళ్తున్నాం.